తాడు కట్టి లాగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: ఆగిపోయిన మా కారును బావమరిది కారుకు తాడు కట్టి షెడ్డుకు తీసుకెళ్లాలి. బ్రేక్ ప్యాడ్లు అరిగాయని మెకానిక్ ముందే చెప్పాడు. దారిలో ఎవరికైనా తగిలితే?

జవాబు: బాధ్యత మొదట మీదే. తెలిసిన లోపంతో, లేదా కాస్త చూసుకుంటే తెలిసిపోయే లోపంతో బండిని రోడ్డెక్కించడం 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం నేరం. ఎవరైనా గాయపడితే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మెకానిక్ చెప్పాక తెలియదనడం కుదరదు. నిర్లక్ష్యంగా లాగితే మీ బావమరిదీ తప్పించుకోలేరు.

అసలు భయం వేరే ఉంది. ఇంజన్ ఆగితే రెండు మూడు నొక్కుళ్లకే బ్రేక్ పెడల్ బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. దానికి అరిగిన ప్యాడ్లు తోడైతే ముందు కారునే గుద్దుతారు. దయచేసి ఫ్లాట్‌బెడ్ బండిని పిలిపించండి.