చేతిపని, చదువు, జీతము
(వేలూరు, గుడియాత్తము సీమలో జీవనోపాధుల తీరు)

బిడ్డను బడికి పంపు ప్రతి తల్లిదండ్రుల మనస్సులోను ఒక ప్రశ్న కలదు: "వీడు పెద్దవాడై యే పని చేసి బ్రదుకును?" దీనికి మన యిండ్లలో సాధారణముగా వినవచ్చు సమాధానములు రెండు. తాతతండ్రుల పని నేర్చుకొనుట యొకటి. సర్కారు ఉద్యోగము సంపాదించుట రెండవది. కాని యీ రెంటికి నడుమ కోట్లకొలది జనులు నానావిధములగు పనులు చేసి జీవించుచున్నారు. ఆ పనులెట్టివి, అవి యెట్లు మారుచున్నవి, వానిలో మన సీమవారి స్థానమేమి యను విషయములు తెలిసినచో బిడ్డల చదువును గూర్చి నిర్ణయించుట కొంత సులభమగును. అందుచే నీ సంచికలో నా విషయమును పాఠముగా వ్రాయుచున్నాము.

పనివారి లెక్క

మన జనగణనలో పనివారిని నాలుగు తరగతులుగా విభజింతురు. స్వంతముగనో కౌలుకో సేద్యము చేయువారు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలలో పనిచేయువారు, ఇతరులు. 2011వ సంవత్సరపు జనగణనలో దేశమంతట పనివారు సుమారు 48 కోట్లు. వారిలో సేద్యగాండ్రు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు, ఇంటి పరిశ్రమలవారు 1.83 కోట్లు, తక్కినవారు 20 కోట్లు. 1951లో సేద్యగాండ్రు 6.99 కోట్లు, కూలీలు 2.73 కోట్లు మాత్రమే. అనగా నాడు ఇద్దరు ముగ్గురు సేద్యగాండ్రకు ఒక్క కూలీ యుండగా, అరువది సంవత్సరములు గడచునప్పటికి కూలీల సంఖ్యయే సేద్యగాండ్ర సంఖ్యను మించినది. కుటుంబములు పెరిగినవి గాని భూమి పెరుగలేదు. అన్నదమ్ముల పంపకములతో కమతములు చిన్నవై, స్వంత భూమి తిండికి చాలక, అనేకులు పరుల చేలలో కూలికి పోవలసి వచ్చినది.

ఇటీవలి లెక్కలను చూతము. 2023-24వ సంవత్సరపు శ్రామికబల సర్వే ననుసరించి దేశమున నూరుగురు పనివారిలో 46 మంది వ్యవసాయమునందే యున్నారు. జాతీయాదాయములో వ్యవసాయపు భాగమో, అయిదవ వంతునకు లోబడియే యున్నది. దాదాపు సగము మంది చేరి అయిదవ వంతు కన్న తక్కువ ఆదాయమును పంచుకొనవలసి వచ్చినచో ఒక్కొక్కరికి దక్కునది స్వల్పమగుట సహజము.

ఇద్దరు చేయగల పొలము పనిని నలుగురు పంచుకొన్నచో నలుగురును పనివారుగనే కనబడుదురు. కాని అందిద్దరు తొలగినను పంట తగ్గదు. దీనినే ఆర్థిక శాస్త్రజ్ఞులు ప్రచ్ఛన్న నిరుద్యోగమని పిలుతురు. వెస్టిండీసు దీవులలో పుట్టిన ఆర్థర్ లూయిస్ అను పండితుడు 1954లో ప్రకటించిన వ్యాసమున, ఇట్లు మిగిలియున్న జనబలము పరిశ్రమలకు తరలిపోవుటయే వెనుకబడిన దేశముల అభివృద్ధికి మార్గమని వివరించెను. 1979లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అయితే మన దేశమున ఆ తరలిపోవుట ఆయన చెప్పినంత తిన్నగా జరుగలేదు. పొలము విడిచినవారిలో అనేకులు యంత్రశాలలకు గాక, ఇండ్ల నిర్మాణమునకు, చిల్లర వ్యాపారమునకు, బండ్లు తోలుటకు చేరిరి. వస్తువుల నుత్పత్తి చేయు పరిశ్రమలలో నున్నవారు 2023-24 నాటి సర్వేలో గూడ నూటికి సుమారు పదునొకండు మందియే.

మన సీమ పరిస్థితి

పూర్వపు ఉత్తర ఆర్కాడు జిల్లాలో పాలారు ఏడాదిలో పెక్కు మాసములు ఇసుక మేట. గుడియాత్తము ప్రక్కన పారు కౌండిన్య నదియు నట్టిదే. చెరువులు, బావులే సేద్యమున కాధారము. వాన తప్పిన యేట చేలలో పని యుండదు. అందుచే మన జనులు ఏనాటినుండియో పొలము పనితోపాటు మరియొక చేతిపనిని గూడ నమ్ముకొనిరి. గుడియాత్తము లుంగీలకును అగ్గిపెట్టెలకును పేరుపొందినది. ఆ యూరిని "చిన్న శివకాశి" యనుటయు కలదు. గుడియాత్తము, పేర్నంబట్టు ప్రాంతముల యిండ్లలో బీడీలు చుట్టుట వాడుక. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలో తోళ్ళ పరిశ్రమ వెలసినది.

ఈ జిల్లా పల్లెలను 1973-74లో కేంబ్రిడ్జి, మద్రాసు విశ్వవిద్యాలయముల పండితులును, పది సంవత్సరముల తరువాత మరికొందరును పరిశోధించిరి. క్రొత్త వరి వంగడముల వలన దిగుబడి పెరిగినప్పుడు ఆ లాభము రైతునొద్దనే నిలిచిపోలేదు. రైతు చేతిలో రొక్కమాడినచో బట్టల అంగడికి, వడ్రంగికి, బండివానికి, కాఫీ హోటలుకు గూడ పని పెరిగెను. ఒక పని మరియొక పనికి ప్రాణము పోయునని దీనివలన మనము గ్రహింపవలెను.

తోళ్ళ పరిశ్రమ మరియొక పాఠము నేర్పుచున్నది. 1970ల నుండి ప్రభుత్వము సగము ఊనిన తోళ్ళ ఎగుమతిని తగ్గించి, పూర్తిగా తయారైన తోలును, చెప్పులను, బూట్లను ఎగుమతి చేయుటను ప్రోత్సహించినది. బూట్ల కార్ఖానాలు వెలసి, వేలకొలది స్త్రీలకు నెలజీతపు పని దొరికినది. కాని తోళ్ళు ఊనిన మురికి నీరు పాలారును, బావులను చెరచెను. వేలూరు పౌరుల సంక్షేమ సంఘము వేసిన దావాలో సుప్రీంకోర్టు 1996లో చరిత్రాత్మకమైన తీర్పు చెప్పి, కాలుష్యము చేసినవారే నష్టము భరింపవలెనని నిర్ణయించినది. ఉపాధి యొకరికి, నష్టము పొరుగు రైతునకు అయినచో ఆ లెక్క సరిపోదు.

పీసు రేటు లెక్క

మగ్గమునకును, బీడీకిని, అగ్గిపెట్టెకును ఒక సామాన్య లక్షణము కలదు. వీనిలో కూలి దినమునకు గాక, చేసిన సరుకునకు ఇత్తురు. దీనినే జనులు పీసు రేటందురు. ఈ పద్ధతిలో కంటికి కనబడని విషయములు రెండు కలవు.

మొదటిది: కూలి పుచ్చుకొనునది యొకరు, పనిచేయునది అనేకులు. మగ్గముపై కూర్చుండువాడు ఒక్కడే. కాని కండెలు చుట్టునది భార్య. పడుగు సాచునప్పుడు తోడుండునది ముసలి తండ్రి. బడినుండి వచ్చి చేయూత నిచ్చునది బిడ్డ. ఉదాహరణమునకు ఆ నేతకు దినమునకు 600 రూపాయలు వచ్చెననుకొందము. నేతగాడు తనకు 600 వచ్చెనని తలచును. ముగ్గురు పెద్దల శ్రమను లెక్కించినచో తలకు 200 మాత్రమే.

రెండవది: ఈ కూలి వయస్సుతో పెరుగదు. ఇరువది యేండ్ల పిల్ల చుట్టిన వేయి బీడీలకును, నలువది యేండ్ల యిల్లాలు చుట్టిన వేయి బీడీలకును ధర యొక్కటే. పైగా కన్ను మందగించి, నడుము నొచ్చిన కొలది చుట్టు బీడీలు తగ్గును. నెలజీతపు పనిలో అనుభవము పెరిగిన కొలది జీతము పెరుగును. కావున పదునాలుగేండ్ల బిడ్డను బడి మాన్పించి పనికి పెట్టునప్పుడు ఇంటికి వచ్చునది నేటి కూలి. పోవునది ఆ తరువాతి ముప్పది నలువది యేండ్ల పెరుగుదల.

అవసరమే వారిచే ఆ పని చేయించుచున్నదని మేమెరుగుదుము. ఇంట తిండికి లేనప్పుడు ముప్పది యేండ్ల తరువాతి లాభమును చెప్పుట నిష్ప్రయోజనము. ఈ సత్యమును గుర్తించినవారిలో కామరాజు నాడారు ముఖ్యులు. ఆయన 1954లో ముఖ్యమంత్రియై, గుడియాత్తము ఉప ఎన్నికలోనే శాసనసభకు ఎన్నికయిరి. 1956లో ఆయన ప్రభుత్వము బడిపిల్లలకు మధ్యాహ్న భోజన మేర్పాటు చేసినది. బిడ్డ కూలి మానినచో ఇంటికి కలుగు లోటును బడి కొంత తీర్చవలెనన్నది అందలి తత్త్వము. 2022లో ఆరంభమైన ఉదయపు టిఫిను పథకమును గూడ మనమీ దృష్టితోనే చూడవలెను. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము 1976లో వచ్చినది. గుర్తింపు కార్డు గల బీడీ కార్మికుల బిడ్డలకు విద్యార్థి వేతనములు కలవు. కార్డు లేక ఆ సహాయమును కోల్పోవు కుటుంబములు వెంటనే కార్డునకు దరఖాస్తు చేసికొనవలెను. మరియు 2016లో సవరింపబడిన చట్టము పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించినది. బడి వేళలు ముగిసిన పిమ్మట ఇంటి పనిలో తోడ్పడుటకు మినహాయింపు కలదు గాని, అగ్గిపెట్టెల తయారీవంటి ప్రమాదకరమగు పనులకు ఆ మినహాయింపు లేదు.

లెక్కకు రాని పని

"మీ యిల్లాలు ఏమి చేయును?" అని లెక్కలవాడు అడిగినప్పుడు, "ఏమియు లేదు, ఇంటనే యుండును" అని మగవారు చెప్పుట మన వాడుక. ఆ యిల్లాలు ప్రొద్దుననుండి రాత్రివరకు బీడీలు చుట్టుచుండవచ్చును, కండెలు పట్టుచుండవచ్చును. ఇంటి వ్యాపారమున కూలి లేకయే తోడ్పడువారును పనివారే యని లెక్కల నిబంధనలు చెప్పుచున్నవి. మన జవాబే వారిని లెక్కనుండి తొలగించుచున్నది. లెక్కలో లేనివారికి పథకములోను చోటు దొరకుట కష్టము.

2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని జనగణన జరుగునని 2025 జూన్‌లో ప్రకటించిరి. ఆ లెక్కలో మన మిండ్లనుండి రెండు జవాబులు తప్పక సరిగా పోవలెను: స్త్రీలు చేయు పని యొకటి, మాతృభాష తెలుగన్న మాట రెండవది. 2011లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షలకు పైబడియుండిరి. అనగా నూటికి దాదాపు ఆరుగురు. తెలుగు బడుల కొరకు, ఉపాధ్యాయుల కొరకు మనము చేయు విజ్ఞప్తులకు ఆ సంఖ్యయే బలము.

చదివినవారికి పని దొరకదా?

"చదివినవాడు ఊరక తిరుగుచున్నాడు, చదువనివాడు సంపాదించుచున్నాడు" అని కొందరందురు. సర్వేలలో గూడ నిరుద్యోగులు నిరక్షరాస్యులలో మిక్కిలి తక్కువగను, పట్టభద్రులలో ఎక్కువగను కనబడుచున్నారు. కాని దీని యర్థమును జాగ్రత్తగా గ్రహింపవలెను. పేదవాడు పని లేక ఒక వారము గూడ కూర్చుండలేడు. దొరికిన పనిని దొరికిన కూలికే చేయును. అందుచే అతడు నిరుద్యోగి యనిపించుకొనడు. చదివినవాడు తగిన పనికై కొంతకాలము వేచియుండును. అందుచే నిరుద్యోగి యగును. చదువు వ్యర్థమని దీనివలన తేలదు. అయితే పట్టా యొక్కటే చాలదనుట నిజము. చేతికి నేర్పు నిచ్చు చదువును, బుద్ధికి వెలుగు నిచ్చు చదువును కలిసి యుండవలెను.

దీనికి నిదర్శనము వేలూరులోనే యున్నది. 1900లో ఐడా స్కడ్డరు ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల నేడు మహాసంస్థయై వేలకొలది మందికి ఉపాధి నిచ్చుచున్నది. అక్కడ డాక్టర్లే గాక నర్సులు, రక్తపరీక్షలు చేయువారు, యంత్రములు నడుపువారు, లెక్కలు వ్రాయువారు ఎందరో కలరు. రోగుల కొరకు వెలసిన లాడ్జీలు, భోజనశాలలు, మందుల అంగళ్ళు మరెందరినో పోషించుచున్నవి. 1984లో స్థాపితమైన ఇంజనీరింగు కళాశాల నేటి విశ్వవిద్యాలయమై పట్టణమున మరియొక జీవనాధారమైనది. ఈ పనులలో పెక్కింటికి గొప్ప పట్టాలు అక్కరలేదు. పదియో పండ్రెండో తరగతి ముగించి, ఒకటి రెండు సంవత్సరముల శిక్షణ పొందిన చాలును. కాని పదవ తరగతి దాటనివారికి ఆ తలుపు తెరువబడదు.

భాషా విషయము

"తెలుగు చదివిన బిడ్డకు తమిళనాట ఉద్యోగమెట్లు?" అను సందేహమును మేము దాటవేయము. చిన్ననాడు మాతృభాషలో నేర్చినది మనస్సున నిలుచును. రాజ్యాంగపు 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపజేయుమని రాష్ట్రములను కోరుచున్నది. కాని 2006లో వచ్చిన తమిళాధ్యయన చట్టమును, ప్రభుత్వోద్యోగ పరీక్షలలో తమిళ పత్రమును తప్పనిసరి చేసిన 2021 డిసెంబరు నాటి ఉత్తరువును మన మెదుటనే యున్నవి. కావున తెలుగును విడువనక్కర లేదు, తమిళమును ఉపేక్షింపరాదు, ఇంగ్లీషును నేర్వవలెను. సరిహద్దు సీమలో పుట్టిన బిడ్డకు మూడు భాషలు మోయరాని బరువు కావు. వైద్యశాలలోగాని, వ్యాపారమునగాని, చిత్తూరునుండి వచ్చిన వానితో తెలుగున, ఊరివానితో తమిళమున మాటాడగలవాని కొక మెట్టు ఎక్కువ విలువ గలదు.

తల్లిదండ్రులకు విజ్ఞప్తి

బిడ్డను ఒక పనిలో ప్రవేశపెట్టుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలను ఇంట కూర్చుండి విచారింప కోరుచున్నాము. ఈ పనిలో ఇరువది యేండ్ల తరువాత కూలి పెరుగునా? జబ్బు చేసిననాడు, ముసలితనమున ఏదేని ఆధారముండునా? వచ్చు కూలి ఒకరి శ్రమకా, ఇంటిల్లిపాది శ్రమకా? ఈ పని మూతపడినచో దీని నేర్పు మరియొక పనికి ఉపకరించునా?

మగ్గపు పని నీచమనిగాని, చేతిపని మాని యందరును కుర్చీపని వెదుకవలెననిగాని మా యభిప్రాయము కాదు. రంగుల మేళవింపును, నూలు లెక్కను ఎరిగిన నేతగాడు విద్వాంసుడే. కాని అతని బిడ్డ మగ్గమెక్కినను అది ఇష్టముతో నెక్కవలెనే గాని, వేరు దారి లేక యెక్కరాదు. ఆ వేరు దారిని తెరచి యుంచుటయే బడి చేయు పని. ఈ యేడు పదవ తరగతికి వచ్చు ప్రతి విద్యార్థినియు, ప్రతి విద్యార్థియు ఆ తరగతిని ముగించువరకు మాన్పింపకుండుటకు తల్లిదండ్రులు మాకు తోడుపడుదురు గాక.