ఆ అప్పు ఎవరి లెక్కలో?

వాక్యభాగము: నెహెమ్యా 5:1–13, ద్వితీయోపదేశకాండము 15:12–15, ఫిలేమోను 15–18



గత మాసములో ఒక శనివారపు రాత్రి పెద్దదోర్నాల సంఘ యౌవనస్థులు మందిరపు గోడకు తెల్లదుప్పటి కట్టి, 'అమేజింగ్ గ్రేస్' అను ఆంగ్ల చలనచిత్రమును చూపించిరి. 2006లో తీయబడిన ఈ చిత్రము, ఇంగ్లండు పార్లమెంటులో బానిస వ్యాపారమునకు విరోధముగా పోరాడిన విలియం విల్బర్‌ఫోర్సు అను విశ్వాసి చరిత్ర. మేము నడుమనడుమ తెలుగులో సంగతి చెప్పుచుంటిమి.

ఆఫ్రికావారిని ఓడలలో సరకువలె కుక్కి, సముద్రము దాటించి అమ్ముచుండిన కాలమది. 1789లో విల్బర్‌ఫోర్సు ఈ పాపమును గూర్చి సభలో మొదట మాటలాడెను. 1791లో ఆయన పక్షమున 88 ఓట్లు, విరోధముగా 163 ఓట్లు వచ్చెను. రోగముతో క్రుంగియు ఆయన మానలేదు. ఒకప్పుడు బానిసల ఓడకు కప్తానైయుండి, తరువాత బోధకుడైన జాన్ న్యూటను ఆయనకు ధైర్యము చెప్పెను. తుదకు 1807లో 283 మంది ఒప్పుకొనగా, 16 మంది మాత్రమే కాదనిరి. ఆ వ్యాపారము నిషేధింపబడెను.

చిత్రము అక్కడ ముగిసినది గాని చరిత్ర ముగియలేదు. బానిసత్వమునే రద్దుచేయు బిల్లు నెగ్గుట నిశ్చయమని 1833లో వినిన మూడు దినములకు విల్బర్‌ఫోర్సు నిద్రించెను. ఆ చట్టము యజమానులకు రెండు కోట్ల పౌనుల పరిహారమిచ్చెను. బానిసలకు ఏమియు ఇయ్యలేదు. దాసుని విడిపించునప్పుడు వట్టిచేతులతో పంపకూడదని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది గదా! కంపెనీ పాలనలోనున్న మన దేశమునకు ఆ చట్టము వర్తింపలేదు. 1843లో వేరొక చట్టము రావలసివచ్చెను. అటు బానిసలు విడుదల కాగానే, వారి స్థానమున మారిషసు చెరకుతోటలకు మన కోరంగి రేవునుండి తెలుగు కూలీలు ఓడలెక్కిరి.

చిత్రము ముగిసిన తరువాత ఒక వృద్ధ సహోదరుడు లేచి యిట్లనెను: "అయ్యగారూ, వాళ్ల గొలుసులు కంటికి కనబడినయ్. మా నాయన రెండు బస్తాల జొన్నలు అప్పు తెచ్చి, ఎనిమిదేండ్లప్పుడు నన్ను గొర్లకాడ జీతానికి పెట్టినాడు. ఏడాది తిరిగేసరికి అప్పు తగ్గకపోగా పెరిగింది. మా గొలుసు ఆసామి పద్దుపుస్తకంలో ఉండె."

ఎవరును మాటలాడలేదు. మేము నెహెమ్యా 5వ అధ్యాయము తెరచితిమి. అక్కడను ఇదే మొఱ్ఱ: కరవులో ధాన్యమునకై పొలములు కుదువబెట్టిరి, కుమారులు, కుమార్తెలు దాసులైరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, స్వజనులే. అధికారియైన నెహెమ్యా కోపించెను. అయితే తానును అప్పిచ్చినవారిలో ఒకడనని మొదట ఒప్పుకొని, ఆ తరువాతనే పొలములు తిరిగి ఇయ్యుడని చెప్పెను.

మన దేశములో వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో వచ్చినది. దాని ప్రకారము అట్టి అప్పు చెల్లదు; వసూలు చేయుట నేరము; మూడేండ్లవరకు జైలుశిక్ష కలదు. ఎస్. ఆర్. శంకరన్ (1934–2010) అను అధికారి మన రాష్ట్రములో వెట్టివారి విడుదలకు ఎంతో పాటుపడెను. అయినను మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీరక, ఇటుకబట్టీనుండి పిల్లలతో ఇంటికి రాలేని కుటుంబము నేటికిని దాస్యములోనేయున్నది.

మా తప్పును ఒప్పుకొందుము. మందిరమునకు ధారాళముగా కానుకలిచ్చువారి నోట్లను, వడ్డీలను గూర్చి మేము ప్రసంగింపక ఊరకుంటిమి. నెహెమ్యావలె మొదట మేమే తలవంచవలెను.

పౌలు ఒనేసిము పక్షమున ఫిలేమోనుకు వ్రాసినప్పుడు, అతడు బాకీయున్నది తన లెక్కలో వేయుమనెను. విడుదలకు ఎవరో ఒకరు వెల చెల్లింపవలెను. మన వెల ప్రభువు సిలువపై చెల్లించెను. ఆలాగైన మన సహోదరుని పద్దు కొట్టివేయుటకు మనకేల అంత బరువు?

ఇంటిలో ధ్యానించుటకు:
1. మన యింట పనిచేయువాడు ఇష్టమైనప్పుడు మానివేయగలడా?
2. అసలుకు మించి వడ్డీ పుచ్చుకొనిన నోటు మన పెట్టెలో ఉన్నదా?
3. బట్టీలకు పోయిన కుటుంబముల పిల్లల చదువు ఎవరు విచారించుచున్నారు?

ప్రార్థన: ప్రభువా, మా ఋణమును కొట్టివేసితివి. మా చేతులలోనున్న పద్దులను నీ యెదుట తెరచుటకు ధైర్యమిమ్ము. ఆమేన్.