ముధోళ్ జాగిలాన్ని పెంచుతున్నారా?

పత్తికి కొట్టగా డబ్బా అడుగున కొంచెం పురుగుమందు మిగిలింది. కుక్క ఒంటినిండా పిడుదులు. ఇంకేం, ఆ మందును బకెట్ నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి కుక్క ఒళ్లంతా తుడిచాడు ఆదోని వైపు రైతు ఒకాయన. అరగంట తిరక్కముందే కుక్క నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. కాళ్లు వణికాయి. ఆ తర్వాత పడిపోయి కొట్టుకోసాగింది. గోనెసంచిలో పెట్టుకుని మోటారు సైకిల్ మీద పశువుల ఆసుపత్రికి తీసుకొచ్చాడు. డాక్టరు గారు ముందు సబ్బునీళ్లతో ఒళ్లంతా కడిగించి, అట్రోపిన్ ఇంజెక్షన్లు వేశారు. ఎలాగో బతికింది. వేరే పని మీద ఆసుపత్రికి వెళ్లిన నేను ఇదంతా దగ్గరుండి చూశాను.

"ఎద్దులకు ఎన్నోసార్లు పూశాను సార్, వాటికేం కాలేదు. దీనికే ఎందుకిలా అయింది?" అని ఆయన అడిగాడు.

"ఎద్దులకు పూయడమూ తప్పే పెద్దాయనా. ఎద్దు బరువెంత, దీని బరువెంత? పైగా ఇది ఒళ్లు నాక్కుంటుంది" అన్నారు డాక్టరు గారు.

ఆ కుక్క ముధోళ్ జాతిది. కర్ణాటక నుంచి తెచ్చుకున్న ఈ వేటకుక్కలు కొంతకాలంగా మన సరిహద్దు మండలాల్లోని పొలాల దగ్గర అక్కడక్కడా కనిపిస్తున్నాయి. తెచ్చుకోవడంలో ఉన్న సరదా దాని అవసరాలు తెలుసుకోవడంలో ఉండటం లేదు. ఊరకుక్కను పెంచినట్టు దీన్ని పెంచుతామంటే కుదరదు.

ఏ ముధోళ్?

ముధోళ్ అనగానే నిర్మల్ జిల్లాలోని ముధోల్ అనుకునేవాళ్లున్నారు. అది కాదు. ఇది కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో ఘటప్రభ నది పక్కనున్న ఊరు. పశ్చిమాసియా నుంచి వచ్చిన వేటకుక్కల సంతతి దక్కనులో స్థిరపడి ఈ జాతి ఏర్పడిందంటారు. ముధోళ్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే వంశీయుడు మాలోజీరావు వీటిని చేరదీసి, మంచివాటిని ఎంచి పెంచారు. ఆయన ఇంగ్లండు వెళ్లినప్పుడు ఒక జంటను ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చారని చెబుతారు. మహారాష్ట్రలో దీన్నే కార్వానీ అంటారు. చెవుల మీద, తోక మీద కుచ్చు వెంట్రుకలు ఉన్నదాన్ని పష్మీ అంటారు.

2005లో తపాలా శాఖ మన దేశపు నాలుగు కుక్కజాతుల మీద స్టాంపులు వేస్తే అందులో ఇదీ ఒకటి. 2016లో మీరట్‌లోని సైనిక శిక్షణ కేంద్రానికి ముధోళ్ పిల్లల్ని తీసుకెళ్లారు. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దీని పేరు చెప్పడంతో గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. గిరాకీతోపాటు నకిలీలూ పెరిగాయి. ఆ సంగతి చివర్లో చెప్పుకుందాం.

కన్ను పడితే కాలు ఆగదు

కొన్ని వేటకుక్కలు వాసన పట్టుకుని పోతాయి. ముధోళ్ అలా కాదు, కంటితో చూసి తరుముతుంది. దూరంగా ఏదైనా కదిలిందా, ఇక యజమాని పిలుపు దాని చెవికెక్కదు. ఎంత బాగా మాట వినే కుక్కయినా ఆ క్షణంలో వినదు. దాన్ని కొట్టి లాభం లేదు. పుట్టుకతో వచ్చిన గుణం అది.

కాబట్టి దారి పొడవునా మెడపట్టీ, తాడు తప్పనిసరి. దీని తల సన్నం, మెడ లావు. మామూలు పట్టీ వెనక్కి లాగితే సులువుగా జారిపోతుంది. వెడల్పాటి పట్టీ వేసి, పట్టీకి మెడకు మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగువు ఉంచాలి. విడిచి పరుగెత్తించాలంటే చుట్టూ కంచె ఉన్న తోటలోనే. కంచె ఆరడుగుల ఎత్తు ఉంటే మేలు. ముళ్లతీగ మాత్రం వద్దు. దీని తోలు పలుచన, వేగంగా వచ్చి తగిలితే గుడ్డ చిరిగినట్టు చిరుగుతుంది. అడవిపందుల కోసం చేల చుట్టూ దొంగచాటుగా పెట్టే కరెంటు తీగలు మరీ ప్రమాదం. మనుషులే పోతున్నారు, కుక్క ఎంత?

గొర్రెలు, మేకలు, కోళ్లు ఉన్న ఇళ్లలో మరింత జాగ్రత్త పడాలి. రెండు నెలల వయసు నుంచే మంద మధ్య తిప్పితే చాలావరకు అలవాటు పడుతుంది. అయినా పరుగెత్తే మేకపిల్ల కనబడితే ఏం చేస్తుందో చెప్పలేం. తనింటి కోళ్ల మధ్య బుద్ధిగా పడుకునే కుక్కే పక్కింటి కోడిని పట్టుకొస్తుంది. నాకు తెలిసిన ఒకచోట ఇలాగే రెండు గొర్రెపిల్లలు చచ్చిపోతే, డబ్బు కట్టినా అన్నదమ్ముల మధ్య మాటల్లేకుండా పోయాయి.

ఇక వేట మాట. "వేటకుక్కను వేటకు తీసుకుపోకపోతే ఎందుకు?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. కుందేలు కూడా ఆ చట్టం రక్షణలో ఉన్నదే. మన ఆలూరు, ఆస్పరి, ఆదోని చేలల్లో తిరిగే కృష్ణజింక అయితే మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. జింకలు పంట మేస్తున్నాయన్న బాధ నిజమే, ఆ నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకోవాలి. కుక్కను ఉసిగొల్పితే మాత్రం కేసు మనమీదే పడుతుంది. ఫోన్లో వీడియో తీసి పంచుకుంటే సాక్ష్యం కూడా మనమే ఇచ్చినట్టు.

వేట లేకపోయినా దానికి పరుగు కావాలి. రోజూ పొద్దున, సాయంత్రం కలిపి గంటసేపు నడక, వీలైతే కంచె లోపల పదినిమిషాలు వదిలెయ్యడం చాలు. మిగతా పొద్దంతా పడుకుంటుంది. ఎండ ముదిరాక తిప్పకూడదు. తారురోడ్డు మీద అరచేయి ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదమూ ఓర్చుకోలేదు. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచిన ముధోళ్ పిరికిగానో, కరిచేదిగానో తయారవుతుంది. సహజంగా ఇది కొత్తవాళ్లకు దూరంగా ఉండే కుక్క. చిన్నప్పుడే పదిమందిని, బండ్లను, చప్పుళ్లను చూపించాలి.

బక్కగా ఉందని బెంగ వద్దు

"తిండి పెట్టడం లేదా ఏంటి?" అని చూసినవాళ్లంతా అంటారు. ఆ మాట పడలేక కొందరు తెగమేపుతారు. ముధోళ్ ఆకారమే అంత. పొడవాటి తల, లోతైన ఛాతీ, వీపుకు అంటుకున్న పొట్ట. మగది 68 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది, బరువు మాత్రం ముప్పై కిలోలకు లోపే. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. వెన్నుపూస, తుంటి ఎముకలు పొడుచుకొస్తే, బొచ్చు మెరుపు తగ్గితే అప్పుడు నట్టలో, జబ్బో అనుమానించాలి.

జొన్నరొట్టె, రాగిసంకటి, మజ్జిగ పెట్టవచ్చు. అయితే అదొక్కటే చాలదు, కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్లు, కోడిమాంసం, కాలేయం, ఎండుచేపలు (ఉప్పు లేనివి), ఏదీ లేకపోతే మెత్తగా ఉడికించిన పప్పు కలపాలి. మూడు నెలల వరకు పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు చాలు. పాలు తాగితే విరేచనాలయ్యే కుక్కలకు పాలు మానేయాలి. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ విషంతో సమానం. మన కూర మిగిలిందని పెడితే అందులో ఉల్లి ఉంటుందని మరిచిపోతాం. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

తిన్న వెంటనే పరుగెత్తించకూడదు. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి, మెలికపడే ప్రమాదం ఉంటుంది. పొట్ట డోలులా బిగిసి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. గంటల్లో ప్రాణం పోతుంది.

ఒంట్లో కొవ్వు తక్కువ కనుక చలికి తట్టుకోలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట పాత కంబళి కప్పాలి. బండల మీద పడుకుంటే మోచేతుల దగ్గర కాయలు కాసి పుండ్లవుతాయి. గోనెసంచిలో వరిగడ్డి కూరి పరుపులా వేస్తే ఖర్చు లేకుండా పోతుంది. ఇదే కొవ్వు సంగతి మత్తుమందు విషయంలోనూ గుర్తుంచుకోవాలి. కొన్ని రకాల మత్తు ఇంజెక్షన్ల నుంచి ఇలాంటి జాతులు ఆలస్యంగా తేరుకుంటాయి. ఆపరేషన్‌కు తీసుకెళితే "ఇది వేటజాతి కుక్క సార్" అని ముందే చెప్పండి.

పిడుదులతో జాగ్రత్త

మొదట్లో చెప్పిన రైతు తప్పు చాలామంది చేస్తున్నదే. పంటలకు కొట్టే ఏ మందూ కుక్క ఒంటికి తగలకూడదు. పశువుల మీద పిడుదులకు వాడే మందును కూడా అందాజుగా కలిపి పూయొద్దు. కుక్కకు మోతాదు వేరు. మెడ మీద వేసే చుక్కల మందులు, నోటితో మింగించే బిళ్లలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కుక్కను తూచి, ఆ బరువు చెప్పి డాక్టరు చేత రాయించుకోవాలి.

పొరపాటున పురుగుమందు తగిలితే ముందు చేతులకు తొడుగులు వేసుకుని సబ్బునీళ్లతో కడగాలి. స్పృహ లేని కుక్క నోట్లో ఏదీ పోయకూడదు. మందు డబ్బాను వెంట తీసుకెళ్లాలి. డబ్బా చూస్తేనే ఏ విషమో, ఏ విరుగుడో తేలుతుంది.

పిడుదులను తేలిగ్గా తీసుకోవద్దనడానికి అసలు కారణం అవి అంటించే జ్వరం. కుక్క మేత మానేస్తుంది, ఒళ్లు కాలుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. ముదిరితే ముక్కులోంచి రక్తం కారుతుంది. ముక్కు రక్తాన్ని ఎండదెబ్బ అనుకుని ఉల్లిపాయ పెట్టి కూర్చున్నవాళ్లున్నారు. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది. సాధారణంగా డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడిస్తారు. వారానికే కుక్క లేచి తిరుగుతుంది కదా అని మందు ఆపేస్తే జబ్బు లోపలే దాక్కుంటుంది. కుక్క ఒక్కదానికే మందు వేసి ఊరుకున్నా లాభం లేదు. పిడుదులు గోడ పగుళ్లలో, కొట్టం మూలల్లో గుడ్లు పెడతాయి. పగుళ్లు పూడ్చి, సున్నం వేయించాలి.

టీకాలు, నట్టల మందు

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ వ్యాధులు వీటితో ఆగుతాయి. పార్వోలో దుర్వాసనతో రక్త విరేచనాలవుతాయి, సెలైన్ ఎక్కించకపోతే పిల్ల రెండు మూడు రోజుల్లో పోతుంది. మూడు నెలలకు రేబిస్ టీకా, అది ఏటేటా. నట్టల మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల వరకు పదిహేను రోజులకోసారి, ఆరు నెలల వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి.

టీకా వేసిన కుక్కే కదా అని దాని కాటును వదిలెయ్యకూడదు. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లను కొనేటప్పుడు

గ్రేహౌండ్‌తోనో ఊరకుక్కతోనో కలిపిన పిల్లల్ని ముధోళ్ పేరిట అమ్ముతున్నారు. నెలన్నర పిల్లను చూసి జాతి తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. తల్లిని, వీలైతే తండ్రిని కళ్లతో చూడాలి. రెండూ ఒకే ఈతలో పుట్టినవో, దగ్గరి సంబంధమో అడగాలి. సంబంధం దగ్గరైన కొద్దీ పిల్లల్లో బలహీనత పెరుగుతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను తేకూడదు. ముధోళ్ దగ్గర తిమ్మాపూర్‌లో బీదరు పశువైద్య విశ్వవిద్యాలయం వారి శునక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ విచారించి, ఆ చుట్టుపక్కల పెంపకందారుల దగ్గర స్వయంగా చూసి తెచ్చుకోవడం మంచిది. ఫోన్లో ఫోటో చూసి డబ్బు పంపి, బస్సులో అట్టపెట్టెలో తెప్పించుకున్న పిల్లలు చాలావరకు నట్టలతోనో, పార్వోతోనో దిగుతున్నాయి.

ఆడకుక్కను తెస్తే మరో మాట. మొదటిసారి ఎదకు రాగానే కట్టించకూడదు. ఒళ్లు పూర్తిగా ఎదిగాక, రెండేళ్లప్పుడు కట్టిస్తే చాలు. చూలు నిలిస్తే సుమారు 63 రోజులకు ఈనుతుంది. పిల్లల్ని తీసుకునేవాళ్లు ముందే ఖరారు కాకపోతే అసలు కట్టించవద్దు. సంతలో కట్టేసి వదిలేసి పోయిన ముధోళ్‌లను ఇప్పటికే రెండింటిని చూశాను. ఒకదాని మెడకు పట్టీ ఇంకా కొత్తగానే ఉంది.