ముల్లు ఎందుకు కదలలేదు?

బాలలూ! లారీ పరుగెడుతూనే ఉంది, స్పీడోమీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది. ఎందుకంటారు?

చాలా లారీల గేరుబాక్సుకు ఒక సెన్సారు ఉంటుంది. అందులో అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగచుట్ట ఉంటాయి. ఎదురుగా పళ్ళచక్రం తిరుగుతుంది. ఒక్కొక్క పన్ను దాటినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి, తీగచుట్టలో విద్యుత్ స్పందన పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే. చక్రానికి 16 పళ్ళుండి, సెకనుకు 10 చుట్లు తిరిగితే స్పందనలు 160. వాటి లెక్కనుబట్టే ముల్లు కదులుతుంది.

సెన్సారు చెడితే బోల్టు విప్పి కొత్తది బిగిస్తారు. అప్పటికీ ముల్లు కదలకపోతే? తీగలు కలిసే కనెక్టరును చూడాలి. దాని రబ్బరు సీలు చిరిగి నీరు చేరితే, పిన్నులకు పచ్చని చిలుము పడుతుంది. బలహీనమైన స్పందన దాన్ని దాటలేదు. అందుకే మంచి మెకానిక్కు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, బాటరీ తీగ విప్పి, తీగచుట్టను మల్టీమీటరుతో ముందే పరీక్షిస్తాడు. అది బాగుంటే తప్పు కనెక్టరుది కావచ్చు. అప్పుడు తీగలను ఒక్కొక్కటిగా కత్తిరించి, కొత్త కనెక్టరులోని అదే రంగు తీగకు అతుకుతాడు.

మీ టార్చిలైటు వెలగలేదా? బల్బు మార్చేముందు సెల్లు తగిలే రేకును ఉప్పుకాగితంతో రుద్ది చూడండి!