ఒక సైజు పెద్ద బూట్లు కొంటే సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. సెక్యూరిటీ గార్డు కాబట్టి డ్యూటీలో లెదర్ బూట్లు తప్పవు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారాయి. బొటనవేలి పక్క ఎముక ఉబ్బి బూటుకు ఒరుసుకుంటోంది. ఒక సైజు పెద్దవి కొనమంటారా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దమ్మా. సైజు పెంచితే ముఖ్యంగా పెరిగేది పొడవు. మడమ లోపల జారి బొబ్బలొస్తాయి. మీ నాన్నగారికి కావలసింది వేళ్ల దగ్గర వెడల్పు, ఎత్తు. సాయంత్రం, పాదాలు కాస్త వాచి ఉన్నప్పుడు, ఆయన్ని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయండి. షాపులో బూటులోని ఇన్‌సోల్ తీసి ఆ గీతపై పెట్టండి. గీత బయటికి కనిపిస్తే ఆ జత వద్దు. వేసుకుంటే తోలు సాగుతుందని అమ్మేవాళ్లు చెప్పినా వినకండి. మొద్దుబారిన పాదానికి నొప్పి తెలియదు, తోలు సాగేలోపే పుండు పడుతుంది.

పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఉబ్బిన ఎముక మీదికి కుట్టు రాకూడదు. మెత్తటి తోలు, లేసులున్నవి మేలు. అడుగు కుట్టినదైతే అరిగాక కొత్తది వేయించుకోవచ్చు.

మొదట ఇంట్లో గంటసేపే తొడిగించి, విప్పాక పాదమంతా చూడండి. ఎర్రటి మచ్చ ఎంతసేపటికీ పోకపోతే అవి ఆయనకు పనికిరావు. రోజూ తొడిగే ముందు లోపల చెయ్యిపెట్టి తడమాలి. చిన్న రాయి ఉన్నా ఆయనకు తెలియదు. ఇప్పటికే పుండు ఉంటే బూట్ల సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చూపించండి. పుండు మానేదాకా ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులతో డ్యూటీకి రానివ్వమని డాక్టరు చేత రాయించి ఆఫీసులో ఇవ్వండి.