తెర వెనక దీపం

ఉగాదికి అమ్మ ధర్మవరం వచ్చింది. కూతురి అత్తగారిల్లు అక్కడే.

అమ్మకు ఒకటే దిగులు. కొడుకు కువైట్‌లో డ్రైవరు. వాణ్ణి చూసి రెండేళ్ళయింది. వాడు పంపిన టచ్ ఫోను అమ్మ దగ్గర ఉంది. కానీ అందులో పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎవరితో మాట్లాడాలన్నా పక్కింటి పిల్లవాణ్ణి బతిమాలాలి. వాడు బడికి పోతే ఫోను ఉన్నా లేనట్టే.

ఆ రాత్రి గుడి దగ్గర తోలుబొమ్మలాట. ఆడేవాళ్ళది నిమ్మలకుంట. ధర్మవరం మండలంలోని ఊరే. వాళ్ళు మేకతోలును శుభ్రం చేస్తారు. వెలుగు కనబడేంత పలచగా చేస్తారు. బొమ్మ కోసి రంగులు వేస్తారు. నగలు ఉండే చోట సన్నని చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం ఉంటుంది. జనం తెర ముందు కూర్చుంటారు. దీపం వెలుగు చిల్లుల్లోంచి వస్తుంది. అందుకే సీతమ్మ నగలు తళతళ మెరుస్తాయి. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవారు. తరువాత కరెంటు బల్బులు వచ్చాయి. కేతిగాడు, బంగారక్క తెర మీదికి వస్తే ఇక నవ్వులే నవ్వులు!

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఆటలు బాగా తగ్గాయి. ఇప్పుడు అదే తోలుతో దీపాలకు గొడుగులు చేసి అమ్ముతున్నారు.

మరునాడు వియ్యపురాలు పాత సంగతులు ఎత్తింది.

"వదినా, మన చిన్నప్పుడు డేరా సినిమాకు బండి కట్టుకొని పోయేవాళ్ళం కదా!"

తెలుగులో మాటలు వచ్చిన మొదటి సినిమా భక్త ప్రహ్లాద. అది 1932లో వచ్చింది. సినిమా రీలులో బొమ్మలు కదలవు. సెకనుకు 24 బొమ్మలు వరసగా కంటి ముందు పోతాయి. మన కంటికి అవి కదిలినట్టు తోస్తుంది. తరువాత టీవీ వచ్చింది. 1975లో ప్రభుత్వం ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకు టీవీ చూపించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఊరంతటికీ ఒకటే టీవీ. ఏడాది తరువాత ఆ కార్యక్రమం ఆగిపోయింది.

"మరి ఈ ఫోనులో దీపం ఎక్కడుందమ్మా?" అని అమ్మ అడిగింది.

మంచి ప్రశ్నే. కూతురు ఫోను తెర మీద చిన్న నీటిబొట్టు వేసింది. అమ్మ వంగి చూసింది. బొట్టులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపించాయి. ఈ మూడు రంగుల చుక్కలతోనే బొమ్మంతా తయారవుతుంది. పసుపు చుక్క వేరే ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ కలిసి వెలిగితే అదే పసుపు. కొన్ని ఫోన్లలో తెర వెనక దీపం ఉంటుంది. కొన్నిటిలో ఆ చుక్కలే దీపాలు.

కూతురు నీళ్ళు తుడిచింది. పేర్లన్నీ తెలుగులోకి మార్చింది.

"తమ్ముడి పేరు ఏమని రాయాలమ్మా?"

"నాయన అని రాయి. వాణ్ణి నేను అట్లనే పిలుస్తా."

అమ్మ వేలు పెట్టి చదివింది. నా... య... న. పక్కన ఉన్న కెమెరా గుర్తు నొక్కింది. ఇక్కడ రాత్రి 8 గంటలు. అక్కడ సాయంత్రం ఐదున్నర. తెర మీద కొడుకు ముఖం కనిపించింది.

"అమ్మా! నువ్వే చేసినావా?"

"నేనే రా. చిక్కిపోయినావు నాయనా. సరిగా తింటాండావా లేదా?"

"తింటాండాను లేమ్మా."

అమ్మ నమ్మలేదు. ఫోనులో మాట ఒక్కటే వినిపిస్తే నమ్మేదేమో. ఇప్పుడు బుగ్గలు కనబడుతున్నాయి కదా!

తరువాత కూతురు జాగ్రత్తలు చెప్పింది. తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తవద్దు. పోలీసులమని బెదిరించి డబ్బు అడిగినా ఇవ్వవద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. అమ్మ ఆ అంకెలు నోటుబుక్కు అట్ట మీద రాసుకుంది.

అమ్మ ఊరికి పోయిన రెండో రోజు కూతురి ఫోను మోగింది. తెర మీద అమ్మ నుదురు, సగం ముక్కు కనిపించాయి.

"అమ్మా, ఫోను కొంచెం దూరంగా పట్టుకో" అంది కూతురు.