అద్దములో చూచుకొనినవాడు ఎక్కడికి వెళ్లెను?

(గృహ కూటములలో చదువుకొనుటకు పాఠము: యాకోబు 1:19 నుండి 2:13 వరకు)



ఈ పాఠమునకు యాకోబు పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగమును, రెండవ అధ్యాయము మొదటి భాగమును తీసికొనుచున్నాము. ముందుగా మీలో ఒకరు బైబిలు తెరచి ఆ భాగమంతయు గట్టిగా చదువవలెను. మేము వచనములను ఇక్కడ తిరిగి వ్రాయుట లేదు. మీ చేతిలోని గ్రంథములోనే చూచుకొనుడి. ఫోనులో చదువువారు కూడ అధ్యాయమంతయు తెరచి చదువుడి. ఉదయముననే ఫోనుకు వచ్చు వచనము పువ్వుల బొమ్మతో వచ్చును గాని, దాని ముందు వెనుక మాటలను వెంటబెట్టుకొని రాదు.

ఈ భాగములో మనకందరికి బాగుగా తెలిసినది అద్దము ఉపమానము. వాక్యము విని దాని ప్రకారము చేయనివాడు అద్దములో ముఖము చూచుకొని వెళ్లి, తాను ఎట్టివాడో మరచిపోవు మనుష్యుని పోలియున్నాడని యాకోబు చెప్పుచున్నాడు. ఆ దినములలో గాజు అద్దములు మన ఇండ్లలో ఉన్నట్లు ఉండెడివి కావు. కంచు వంటి లోహపు రేకును నున్నగా తోమి మెరుగు పెట్టి వాడుకొనెడివారు. తోముట మానినయెడల అది మసకబారును. నిర్గమకాండము 38వ అధ్యాయములో స్త్రీలు తెచ్చి ఇచ్చిన అద్దములతోనే ప్రత్యక్షపు గుడారము దగ్గర ఇత్తడి గంగాళము చేసిరని చదువుచున్నాము. మురికిని చూపు వస్తువే మురికిని కడుగు నీళ్ల పాత్ర ఆయెను! వాక్యము చేయు ఈ రెండు పనులలో మొదటిదానితోనే తృప్తిపడి లేచిపోవు మనుష్యుని గూర్చియే యాకోబు బాధ.

ఈ మనుష్యుడు అద్దము వైపు ఒక చూపు విసరి పోయెనని, సరిగా చూడలేదని తరచుగా ప్రసంగములలో వినుచుందుము. మాకు అట్లు తోచదు. అక్కడ వాడబడిన గ్రీకు మాటకు బాగుగా గమనించి చూచుట అని అర్థము. అతడు చూచెను, బాగుగనే చూచెను. అతని తప్పు చూపులో లేదు, లేచి వెళ్లిన తరువాత జరిగినదానిలో ఉన్నది. కావున వాక్యము శ్రద్ధగా వినువారమని, నోటుబుక్కులో వ్రాసికొనువారమని మనము ఈ ఉపమానము నుండి తప్పించుకొనలేము. నోటుబుక్కు కూడ ఒక అద్దమే.

రెండవ మనుష్యుని చూడుడి. అతడు స్వాతంత్ర్యమునిచ్చు నియమములోనికి తేరి చూచి, అందులో నిలిచియుండును. మన తెలుగు బైబిలులో ఇక్కడ తేరి చూచుట అని ఉన్న మాట మూలభాషలో మరికొన్ని చోట్ల కూడ వచ్చినది. యోహాను సువార్త 20వ అధ్యాయములో శిష్యుడు ఖాళీ సమాధిలోనికి వంగి చూచిన చోట అదే మాట. పేతురు మొదటి పత్రిక మొదటి అధ్యాయములో దేవదూతలు తొంగి చూడగోరిరి అన్న చోటను అదే మాట. తేరి చూచుట, వంగి చూచుట, తొంగి చూచుట అని మన అనువాదకులు మూడు విధములుగా చెప్పిరి. మూడును కలిపి చదివినయెడల అర్థము తేటపడును. అద్దము ముందు ఎవడైనను నిటారుగా నిలువవచ్చును. సమాధిలోనికి చూడవలెననిన నడుము వంచక తప్పదు. వాక్యమును మన ముఖము ఎట్లున్నదో చూచుకొనుటకు మాత్రమే చదువుట వేరు, వంగి అందులోనికి చూచుట వేరు.

అయితే వంగినంత మాత్రమున మనిషి లోపల మారునా? ఇందుకు 21వ వచనములో యాకోబు ఒక మాట వాడెను. వాక్యము లోపల నాటబడినది అని చెప్పెను. పొలము ఎరిగినవారికి ఇది వివరింపనక్కరలేదు. నారు తీసి మడిలో నాటినప్పుడు కొన్ని దినములు పైరు పసుపు రంగుకు తిరిగి, వాడినట్లు కనబడును. చూచినవాడు ఇది పోయినది అనుకొనును. వేరు కొత్త మట్టిని పట్టుకొనిన తరువాత పైరు తేరుకొనును. ఆ పని రైతు చేయునది కాదు, వేరు మట్టి లోపల చేయునది. రోమా పత్రిక 12వ అధ్యాయములో మనస్సు మారి రూపాంతరము పొందుటను గూర్చి పౌలు చెప్పినదియు ఇట్టిదే. కొండమీద ప్రభువు రూపాంతరము పొందెనని మత్తయి 17వ అధ్యాయములో వాడిన మాటయే అక్కడను ఉన్నది. మనకు మనము చేసికొనునది అని కాక, మనలో జరుగనిచ్చునది అను భావము ఆ మాటలో ఉన్నది. ఊరు విడిచి వచ్చిన మనకు నాటు పడుట అనిన ఏమో తెలియును. ప్రకాశము, నెల్లూరు, కర్నూలు, పాలమూరు జిల్లాల నుండి వచ్చి కుందలహళ్ళిలో, మారతహళ్ళిలో, వైట్‌ఫీల్డు వైపున వేరు పట్టినవారమే మనలో అనేకులు.

లోపలి మార్పు కంటికి కనబడదు గనుక దానిని గూర్చి ఎంత మాట్లాడినను ఖర్చు లేదు. లూకా సువార్త 3వ అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను ఈ సంగతి ఎరిగినవాడు. మేమేమి చేయవలెనని జనులు అడిగినప్పుడు అతడు ఎక్కువ ప్రార్థించుడని చెప్పలేదు. రెండు అంగీలు గలవానికి ఒక మాట, సుంకము వసూలు చేయువారికి ఒక మాట, సిపాయిలకు ఒక మాట చెప్పెను. ఎవరి చేతిలో ఏ అధికారము ఉన్నదో, ఎవరి సంచిలోనికి ఏ దారిన డబ్బు వచ్చుచున్నదో అక్కడనే వేలు పెట్టెను. మారుమనస్సు అనునది మనస్సులో మొదలగును గాని సిపాయి జీతము దగ్గర కనబడును.

మన సంఘముల చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. తోలు వ్యాపారము చేసికొనుచుండిన ఎర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరము జాన్ ఇ. క్లౌగారు ఒంగోలు వచ్చిరి. 1867 జనవరిలో పేరయ్యగారి ఊరివైపున 28 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో చదువు వచ్చినవారు అరుదు. చెవితో విని నేర్చుకొనినవారే ఎక్కువ. విశ్వాసులగుటకు వచ్చినవారి ముందు క్లౌగారు మూడు సంగతులు ఉంచెడివారు: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములను పూజింపకూడదు.

ఈ మూడును నేడు చదివినయెడల చిన్న సంగతులుగా కనబడును. ఆనాటి మాదిగపల్లెలో అవి చిన్నవి కావు. రైతుకు చెప్పులు, బావిలో నీళ్లు తోడు తోలు బానలు చేసి ఇచ్చి, కోతల కాలమున కళ్లము దగ్గర గింజలు తీసికొనుట వారి జీవనము. చచ్చిన పశువు వారికి వాడుక ప్రకారము వచ్చునది; తోలు దాని నుండియే, కరువు దినమున కూడును దాని నుండియే. ఊరి జాతరలో డప్పు కొట్టుట వారి వంతు. అనగా ఆ మూడు కట్టడలలో ఒక్కొక్కటి ఊరితో ఉన్న ఒక్కొక్క కట్టును తెంపునది. డప్పు కొట్టము అని చెప్పినవాని మీద ఊరి పెద్దలకు కోపము వచ్చెను. ఆదివారము రాము అని చెప్పినవానికి సోమవారము పని దొరకునో లేదో. యాకోబు పత్రికను చదువలేనివారు దాని ప్రకారము నడిచి చూపిరి.

ధాత కరువు అని పెద్దలు చెప్పుకొనిన 1876-78 కరువు కాలములో క్లౌగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. అప్పుడు బాప్తిస్మము అడిగినవారు అనేకులు. ఆయన ఇవ్వలేదు. కూలి కొరకు వచ్చితిరను మాట రాకూడదని, లోపల ఏమున్నదో కరువు తీరిన తరువాత తేలవలెనని ఆపిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను ప్రతి జూబిలీ సభలోను వినుచుందుము, వినుట సంతోషమే. అయితే ఆ సంఖ్య కంటె ముందున్న ఆ నిరీక్షణ దినములనే మేము ఎక్కువగా తలపోయుచున్నాము.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదము. ఆదివారము మనలో అనేకులకు కంపెనీయే సెలవు ఇచ్చుచున్నది. చచ్చిన పశువు మాంసము మనకు ఎవరును పంపుట లేదు. డప్పు కొట్టుమని అపార్ట్‌మెంటులో ఎవరును పిలువరు. ఆ మూడు కట్టడలను మనము నూటికి నూరుపాళ్లు పాటించుచున్నాము, ఒక్క రూపాయి కూడ నష్టపోకుండ! తాతకు పని పోగొట్టిన విధేయత మనుమనికి అలవాటు ఆయెను. అలవాటు చెడ్డది కాదు. కాని దానిని చూచి వాక్యము మనలో పని చేయుచున్నదని అనుకొనిన, తాత ముఖమును అద్దములో చూచి అది మన ముఖమని అనుకొనినట్లగును. (ఆదివారము సెలవు లేనివారు మన మధ్యనే ఉన్నారు: ఆసుపత్రి నర్సులు, గేటు దగ్గర సెక్యూరిటీ వారు, బండి మీద సరుకులు చేర్చు పిల్లలు. వారు ఆరాధనకు రానందున భక్తిలో చల్లారిపోయిరని అనుట న్యాయము కాదు. వారికి ఏ వేళ వీలగునో అడుగవలసినది సంఘమే.)

మరి యాకోబు నేడు మన మీద ఎక్కడ వేలు పెట్టును? అద్దము ఉపమానము ముగిసిన కొలది వచనములకే, రెండవ అధ్యాయము మొదటనే, అతడు ఇద్దరిని సంఘములోనికి తీసికొని వచ్చుచున్నాడు. ఒకనికి బంగారు ఉంగరము, ప్రశస్త వస్త్రములు. ఒకనికి మురికి బట్టలు. ఒకనికి మంచి చోటు, ఒకనికి నిలువబడు చోటు. అధ్యాయముల గుర్తులు తరువాతి కాలములో పెట్టినవి గనుక, 1వ అధ్యాయము ముగిసినదని బైబిలు మూసివేయక వెంటనే చదివినయెడల, అద్దములో కనబడు ముఖము ఇదే అని తెలియును.

కుందలహళ్ళి పరిస్థితి మీరెరిగినదే. 1990లలో వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ పార్కు వచ్చినది, తరువాత అపార్ట్‌మెంట్లు లేచినవి, 2023 మార్చిలో మెట్రో వచ్చినది. ఈ కట్టడములలో కొన్నిటిలో కంప్యూటరు ముందు కూర్చున్నవారు తెలుగువారు. వాటికి పునాది త్రవ్విన చేతులలోను తెలుగువారివి ఉన్నవి. పాలమూరు, కర్నూలు, అనంతపురము వైపుల నుండి మేస్త్రీ వెంట వచ్చినవారు, నేడు ఒడిశా, బెంగాలు కూలీలతో కలిసి రేకుల షెడ్లలో ఉన్నారు. వారిలో కొందరు మన సంఘములలో పుట్టినవారు, పాటలు కంఠస్థము వచ్చినవారు. ఇరువురును ఒకే భాషలో ప్రార్థింతురు. ఒకే బెంచీ మీద కూర్చుందురా?

ఈ కాలమున బంగారు ఉంగరము ఎవరును చూడరు. క్రొత్తగా వచ్చినవానిని మూడు ప్రశ్నలు అడుగుదురు: ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కంపెనీ. మొదటిది ప్రేమతో అడుగు ప్రశ్న. రెండవదానిలో పాత సంగతులు దాగియున్నవి. ఎవరు ఏ పల్లెవారో, ఏ కులమువారో దాని వెనుక నుండి బయటికి లాగబడును. మూడవదాని జవాబును బట్టి కుర్చీ చూపుదురు. యాకోబు 2:4 దగ్గర ఒక నిమిషము ఆగి, ఈ మూడు ప్రశ్నలలో మన సంఘములో ఏది ముందుగా వినబడునో కూటములో మాట్లాడుకొనుడి.

ఇంకొక మాట. 5వ అధ్యాయము 4వ వచనములో పట్టి ఉంచిన కూలి తానే మొఱ్ఱపెట్టుచున్నదని ఉన్నది. అది పెద్ద రైతులను గూర్చినది, మనకు పొలములు లేవు అనుకొనవచ్చును. ఇంటిలో పని చేయు అమ్మకు ఊరికి వెళ్లిన నాలుగు దినముల జీతము కోయుట, రంగులు వేసినవానికి చివరి వాయిదా ఇదిగో అదిగో అని త్రిప్పుట, ఇవి పొలము లేనివారు కూడ చేయగల పనులే. జీతము ఏ తేదీన ఇచ్చితిమో మన ఫోనే చెప్పును. అదియు ఒక అద్దమే.

ఈ పాఠమును కూటములలో ఎట్లు నడిపించవలెనో చెప్పి ముగించెదము. యాకోబు పత్రిక మొత్తము అయిదు అధ్యాయములు, 108 వచనములు. నెమ్మదిగా చదివినను ఇరువది నిమిషములు చాలును. మొదటి వారము ప్రసంగము లేకుండ మొత్తము చదివి వినుడి. రెండవ వారము ఈ పాఠము చూచుకొనుడి. మూడవ వారపు కూటమును ఎవరి హాలులోనో కాక, మన విశ్వాసులు ఉన్న షెడ్ల దగ్గర పెట్టుకొనవలెనని మా మనవి. ముందుగా వారిని అడుగుడి, వారు సరే అనిననే వెళ్లుడి. మేస్త్రీతోను ఒక మాట చెప్పుడి. ఆదివారము సాయంత్రము ఏడు గంటలకైతే వారు పని దిగి, నీళ్లు పోసికొని, పొయ్యి వెలిగించు వేళ దాటును. ఆ దినమున బియ్యము గాని దుప్పట్లు గాని పంచవద్దు. ఇవ్వదలచినవారు వేరొక దినమున, ఫోటోలు లేకుండ ఇవ్వవచ్చును. పాట వారినే ఎత్తుకొననిండు. చదువు రానివారు ఉందురు గనుక పెద్ద అక్షరముల బైబిలు ఒకటి, దానిని గట్టిగా చదువగలవారు ఒకరు ఉండిన చాలును. చాపలు వెంట తీసికొని వెళ్లుడి. అందరును క్రిందనే కూర్చుందురు.